రాయగడ, కోరాపుట్ పట్టణముల పునర్నిర్మాణము: సంత స్థానము

పట్టణ పునర్నిర్మాణమును గూర్చిన చర్చలలో నేడు విరివిగ వినవచ్చు మాట "మిశ్రమ వినియోగము". ఒకే కట్టడమున క్రింద దుకాణములు, పైన నివాసములు, నడుమ కార్యాలయములు నుండవలెనని దాని తాత్పర్యము. పాశ్చాత్యులకిది యొక విధమగు ప్రాయశ్చిత్తము. అచ్చటి పురనిర్మాతలు ఇరువదవ శతాబ్దమున ఇంటిని, అంగడిని, కర్మాగారమును వేర్వేరు మండలములుగ విడదీసిరి. వీధులు బోసిపోవుట గమనించి 1961లో అమెరికాయందు జేన్ జేకబ్స్ ఆ పద్ధతిని తీవ్రముగ ఖండించెను. ఆ పాపమును చేయని రాయగడ, కోరాపుట్, జయపురములకు ఆ ప్రాయశ్చిత్తమును యథాతథముగ విధించుట ఎంతవరకు సమంజసమో విచారింపవలసియున్నది.

ఈ సీమ 1936 వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమున చేరియుండెను. పార్వతీపురము మీదుగ రాయపూరునకు 1931లో రైలుమార్గము పూర్తియగుటతో రాయగడ వర్తకము వృద్ధి నొందినది. వీధివైపు కొట్టు, వెనుక కాపురము, నడుమ సరకుల గది – ఇది మన తెలుగు వర్తకుల పాత బజారు కట్టడి. అరుగు మీద పగలు బేరము, రాత్రి నిద్ర. మిశ్రమ వినియోగమును వీరికి ఎవరును బోధింపనక్కరలేదు.

కాని ఈ మండలముల అసలు మిశ్రమ వినియోగము బజారులో గాక సంతలో కలదు. నియమగిరి డోంగ్రియా కోందులు బుధవారమున చాటికోన సంతకు దిగివత్తురు. సెమిలిగుడ చెంతనున్న కుందులి సంత శుక్రవారము జరుగును. పసుపు, అల్లము, అనాస, చింతపండు, చోళ్లు, అడ్డాకులు వచ్చును. ఉప్పు, బట్ట, ఎండుచేప, ఇనుప పనిముట్లు కొండ కెక్కును. ఒక్క దినపు నేలపై అంగడియు, వార్తయు, పెండ్లి మాటయు, అప్పు తీర్మానమును జరిగిపోవును. మరునాడు ఆ స్థలము ఖాళీ. ఖాళీగ నున్నందువలననే అది "నిరుపయోగ భూమి" యని పటము గీయువానికి తోచును. అచ్చట అంతస్తుల మేడ లేపి, గదులు వేలము వేసినచో పట్టణమునకు ఆదాయము పెరుగుననుట నిజమే. తట్ట నెత్తిన పెట్టుకొని పది క్రోసులు నడచివచ్చిన స్త్రీ ఆ వేలములో పాట పాడగలదా? ఒకనాటి ఆశీలు చెల్లించుటయే ఆమెకు భారము.

ప్యాట్రిక్ గెడ్డెస్ పండితుడు 1914లో మన దేశమునకు వచ్చి, మద్రాసు రాజధాని పట్టణములను దర్శించి, 1915లో నివేదికల నొసగెను. పాత వీధులను కూల్చి తిన్నగ దారులు తీయుటను అతడు నిరసించి, అవసరమైనంత మేరకే కోయు శస్త్రవైద్యమును ప్రతిపాదించెను. అతని మార్గమే ఇచ్చటికి తగినదని నా యభిప్రాయము. అయితే గెడ్డెస్ దృష్టి ప్రధానముగ వీధిలో కాపురముండువారిపై నిలిచినది. వారమున కొకమారు వచ్చిపోవువారి సమస్య అంతకంటె చిక్కైనది.

చట్టములును ఇట్లే యున్నవి. 1956 నాటి ఒరిస్సా రెగ్యులేషను గిరిజనుని భూమి ఇతరుల పాలు గాకుండ కాపాడుటకు పుట్టినది. సంతలో అతడు కూర్చుండు నేల అతని భూమి కాదు. 2014 నాటి వీధి వర్తకుల చట్టము మేలైనది. పట్టణ విక్రయ సంఘములో నూటికి 40 మందికి తక్కువ గాకుండ వర్తకులుండవలెననియు, వారిలో మూడవ వంతు స్త్రీలుండవలెననియు శాసించెను. ఏబది యేండ్లకు పైబడి సాగుచున్న సహజ విపణిని వారసత్వ విపణిగ ప్రకటింపవలెననియు, అందలి వర్తకులను కదల్పరాదనియు అందు కలదు. కాని ఆ రక్షణ యంతయు వర్తకుల గణనపై ఆధారపడును. సంత లేని దినమున గణకులు వచ్చినచో, కొండవారి పేరొక్కటియు పట్టికలో చేరదు.

మరియొక లోపము ఇంకను పెద్దది. ఈ రెండు మండలములును రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు ప్రాంతములు. 243-జెడ్‌సి అధికరణము ననుసరించి పురపాలక సంఘముల భాగము ఇట్టి ప్రాంతములకు స్వయముగ వర్తింపదు; పార్లమెంటు ప్రత్యేక శాసనము చేయవలెను. పంచాయతులకై 1996లో అట్టి శాసనము వచ్చి గ్రామసభకు బలమిచ్చెను. పట్టణములకై 2001లో బిల్లు ప్రవేశపెట్టబడెనే గాని శాసనము కాలేదు. కావున కొండ దిగిన గిరిజనుడు పురపు ఎల్ల దాటగనే గ్రామసభ బలమును కోల్పోవుచున్నాడు.

2011 జనాభా లెక్కలలో రాయగడకు 71 వేలు, కోరాపుట్‌నకు 47 వేలు తేలిరి. ప్రణాళిక ఈ అంకెలతోనే ఆరంభమగుట పరిపాటి. సంతనాటి జనము వీనిలో లేరు. మరుగుదొడ్లు, త్రాగునీరు, రాత్రి తలదాచుకొను సావడి, బండ్లు నిలుపు చోటు – ఇవన్నియు ఆ జనము ననుసరించి లెక్కింపవలసినవి. ఆ లెక్క సంతనాటి తెల్లవారుజామున, మూటలు దించు వేళ, కువి, దేశియా, తెలుగు భాషలు తెలిసినవారిచే జరుగవలెను.