అడవి అంచున శ్రుతి చేసిన ఏరియల్

వి.హెచ్.ఎఫ్. తరంగాల్లో 30 నుంచి 50 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న కింది అంచును వైర్‌లెస్ వాళ్లు లో బ్యాండ్ అంటారు. అక్కడ తరంగం పొడవు పది మీటర్ల నుంచి ఆరు మీటర్ల వరకు ఉంటుంది. సైన్యాలు, ప్రభుత్వ శాఖలు ప్రపంచమంతటా వాడుకున్న మేర అది. సరదాగా రేడియో నడిపే హ్యాములకు దాని పొరుగునే, 50 మెగాహెర్ట్జ్ పైన, ఆరు మీటర్ల బ్యాండ్ ఉంది. మన దేశంలో అక్కడ స్టేషను నడపాలంటే కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం అనుమతి ఉండాల్సిందే. ఎత్తున కూర్చుని, ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను అప్పటికప్పుడే మరో ఫ్రీక్వెన్సీలో గట్టిగా అప్పజెప్పే యంత్రం రిపీటరు. ఆ పెట్టెను డబ్బుంటే కొనుక్కోవచ్చు. దానికి చెవీ నోరూ అయిన యాంటెన్నాను మాత్రం ఆ చోటుకు, ఆ ఫ్రీక్వెన్సీకి కొలిచి, కోసి, శ్రుతి చేయాలి.

ఈ బ్యాండ్ విలువ తెలియాలంటే భద్రాచలం చుట్టుపక్కల నేలను చూడాలి. పాల్వంచ పక్కన కిన్నెరసాని అడవి. గోదావరి దాటి పైకి పోతే దుమ్ముగూడెం, చర్ల దాకా టేకు, మద్ది, తునికి, వెదురు. కిందికి పోతే శబరి వచ్చి కలిసే కూనవరం, ఆ తరువాత పాపికొండలు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేసేది 53 అడుగులకే. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరెంటు పోయిన అలాంటి రాత్రుల్లో సెల్ టవరుకు ఆయుష్షు దాని బ్యాటరీ ఉన్నంతసేపే.

లెక్క చూస్తే ఇలా ఉంటుంది. సమతలం మీద 40 మీటర్ల టవరుకు రేడియో చూపు సుమారు 26 కిలోమీటర్లు. జీపు మీది ఏరియల్ రెండు మీటర్ల ఎత్తున ఉంటే మరో ఆరు కలుస్తాయి. మొత్తం 32. చర్ల గాలిదూరం భద్రాచలానికి 45 కిలోమీటర్లకు అటూ ఇటూ, కూనవరం 40కి అటూ ఇటూ. అంటే రెండూ చూపు అవతలే. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం రెండు మీటర్లే కాబట్టి గుట్ట వెనక దాని నీడ చిక్కగా పడుతుంది. 40 మెగాహెర్ట్జ్ తరంగం ఏడున్నర మీటర్లు. అది గుట్ట కొమ్మును ఒరుసుకుంటూ కొంత అవతలికి వంగుతుంది. లో బ్యాండ్‌ను పాతకాలపు సరుకని కొట్టిపారేసేవాళ్లు ఈ రెండు ఊళ్ల మధ్య ఒక్కసారి జీపు నడిపి చూడాలి.

అడవిలో ఇంకో చిత్రం ఉంది. 1960లలో థాయ్‌లాండ్ అడవుల్లో అమెరికా సైన్యం కోసం చెట్ల మధ్య తరంగం ఎలా పోతుందో పెద్దఎత్తున కొలతలు తీశారు. 1967లో థియోడర్ తమీర్ దానికి సిద్ధాంతం కట్టి ప్రచురించాడు. చెట్ల మధ్య నుంచి వెలువడిన తరంగం మానులను చీల్చుకుంటూ దూరం పోదు. నేరుగా చెట్ల తలల దాకా ఎక్కి, ఆ పచ్చటి కప్పు మీదుగా పాకి, వినేవాడు ఉన్న చోట మళ్లీ కిందికి ఇంకుతుంది. అందుకే బేస్ యాంటెన్నా చెట్ల తలలకు పైన నిలబడాలి. టవరు ఖర్చు తగ్గించి దాన్ని కొమ్మల మధ్య పెడితే మిగిలిన పని ఎంత నాణ్యంగా చేసినా దండగే. నిలువు తరంగం మానుల వల్ల కొంత ఎక్కువ నష్టపోతుంది, నిజమే. కానీ జీపు మీది ఏరియల్ నిలువుగానే ఉంటుంది కనుక టవరు మీదిదీ నిలువుగానే ఉండాలి.

చరిత్ర సంగతి కొద్దిగా. రెండువైపులా మాట్లాడుకునే ఎఫ్.ఎం. వైర్‌లెస్‌ను అమెరికాలోని కనెక్టికట్ పోలీసులకు 1940లో డేనియల్ నోబుల్ సమకూర్చింది 40 మెగాహెర్ట్జ్‌కు చేరువలోనే. గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా ఆర్.సి.ఎ. కంపెనీ ఇంజినీరు జార్జ్ బ్రౌన్ చేతి పని. దాని కింద రెండు రేడియల్స్ చాలని ఆయన తేల్చాడట. రెండు పుల్లలతో నాలుగు దిక్కులకూ పోతుందంటే కొనేవాళ్లు నమ్మరని అమ్మకాలవాళ్లు పోరుపెట్టగా నాలుగు అయ్యాయట. ఇప్పటికీ నాలుగే.

తెలుగు నేల మీద ఈ విద్యకు గూడు కట్టినవాడు ఎస్. సూరి, కాల్‌సైన్ వి.యు.2.ఎం.వై. హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పెట్టి, వైర్‌లెస్‌ను సరదా స్థాయి నుంచి ఆపదలో పనికొచ్చే సాధనగా మలిచాడు. ఆ సంస్థ నుంచే భారతీ ప్రసాద్, వి.యు.2.ఆర్.బి.ఐ., 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లారు. 1987 తరువాత హ్యాముల గొంతు వినపడని ఆ దీవుల నుంచి ప్రపంచాన్ని పలకరించడం ఆమె పని. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చింది. సరదా కోసం కట్టిన ఏరియళ్లే ఆ రోజు నుంచి క్షేమసమాచారాలు మోశాయి. అవి వేరే బ్యాండ్‌వి, హెచ్.ఎఫ్.వి. అయినా పాఠం ఒకటే: ఏరియల్ ముందే నిలబడి, ముందే శ్రుతిలో ఉంది.

ఇక ఎంపిక. తేలికైనది గ్రౌండ్ ప్లేన్. నిలువు కడ్డీ పావు తరంగం, కింద నాలుగు రేడియల్స్. రేడియల్స్ అడ్డంగా ఉంటే ఇంపెడెన్స్ 36 ఓములకు దగ్గర. 45 డిగ్రీలు కిందికి వంచితే 50కి వస్తుంది, కేబులుతో జత కుదురుతుంది. టవరు శిఖరం ఖాళీగా దొరికితే, అన్ని దిక్కులకూ సమానంగా పోవాలంటే ఇదే సరి.

కానీ శిఖరం దొరకడం అరుదు. టవరు పక్కన తగిలించాల్సి వస్తే ఫోల్డెడ్ డైపోల్‌కు సాటి లేదు. దాని అల్యూమినియం పైపు చుట్టూ తిరిగి మూసుకుని ఉంటుంది కాబట్టి మధ్యబిందువు నేరుగా టవరుకు, భూమికి కలిసిపోతుంది. పిడుగుల కాలంలో అది పెద్ద రక్ష. రెండు పైపులు కలిసి లావుపాటి కడ్డీలా పనిచేస్తాయి కనుక ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ అయినా శ్రుతి చెడదు. టవరు నుంచి పావు తరంగం, అంటే 40 మెగాహెర్ట్జ్‌కు 1.9 మీటర్లు, జరిపి కడితే శక్తి బయటి వైపుకు మొగ్గుతుంది. భద్రాచలం నుంచి చర్ల దాదాపు ఉత్తరాన, కూనవరం తూర్పున. దాన్ని పట్టి ఉంచే అడ్డకడ్డీని, అంటే బూమును, ఈశాన్యానికి పెడితే ఒక్క డైపోల్ రెండు వైపులనూ అందుకుంటుంది. ఇన్ని డెసిబెల్స్ కావాలని అంగడికి పోయేవాడికీ, పటం పరిచి దిక్కు చూసుకునేవాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

రిపీటరుకు ఉన్న అసలు తంటా వేరే. అది వింటూనే మాట్లాడాలి. తన కేకకు తన చెవే గింగురుమనకూడదు. పంపే, వినే ఫ్రీక్వెన్సీల మధ్య ఎడం లో బ్యాండ్‌లో చాలా తక్కువ. వాటిని వేరు చేసే కేవిటీలు 40 మెగాహెర్ట్జ్‌కు మనిషి నిలువెత్తున ఉంటాయి. అందుకని రెండు యాంటెన్నాలు వేరుగా పెట్టడం ఆనవాయితీ. ఒకే నిలువు గీత మీద 15 మీటర్ల ఎడంతో ఒకదాని కింద ఒకటి పెడితే సుమారు 40 డెసిబెల్స్ వేర్పాటు దొరుకుతుంది. అదే వేర్పాటును పక్కపక్కన పెట్టి సాధించాలంటే ఇంచుమించు వంద మీటర్ల దూరం కావాలి. మిగతా వేర్పాటు కేవిటీల పని.

శ్రుతి చేసే పద్ధతి లెక్కతో మొదలై చేతిలో ముగుస్తుంది. గాలిలో తరంగం ప్రకారం 40 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం 187.5 సెంటీమీటర్లు. కడ్డీ లావు, కొసల ప్రభావం వల్ల నిజంగా కావలసింది దాదాపు 178. తెలివైనవాడు మొదట 185కే కోస్తాడు. కోసింది అతకదు కదా. మీటరు పెడితే అది 38.5 మెగాహెర్ట్జ్ దగ్గర పలికిందనుకుంటే, 185ను 38.5తో హెచ్చించి 40తో భాగిస్తే 178 వస్తుంది. ఏడు సెంటీమీటర్లు తీయాలి. గడుసువాడు ఐదు తీసి మళ్లీ చూస్తాడు, చివరి రెండూ ఆకురాయితో అరగదీస్తాడు. రేడియల్స్‌ను కడ్డీ కన్నా కొంచెం పొడవుగా వదలాలి. డైపోల్‌కు మొత్తం పొడవు 3.56 మీటర్లు. దాని 300 ఓములను దించే బాలన్‌కు అర తరంగం కోయాక్స్ చుట్ట కావాలి: గట్టి పాలిథీన్ కేబులైతే 2.47 మీటర్లు. నురుగు కేబులుకు ఆ కొలత పనికిరాదు, తరంగం దానిలో వేరే వేగంతో పోతుంది.

ఇదంతా నేల మీద కాదు, టవరు మీద ఉండే స్థితికి దగ్గరగా, కనీసం తరంగంలో సగం ఎత్తున పెట్టి చూడాలి. పక్కన మనిషి నిలబడ్డా మీటరు సూది కదులుతుంది. నేల మీద ఎస్.డబ్ల్యు.ఆర్. 1.1 చూపించింది పైకెక్కగానే 1.6 కావడం అందరూ చూసే తమాషా.

మీటరు చూపేది సగం నిజమే. ఎస్.డబ్ల్యు.ఆర్. 1.5 అంటే వెనక్కు వచ్చే శక్తి నూటికి నాలుగు వంతులు. దాని కోసం తల పగలగొట్టుకోనక్కర లేదు. 2 అయితే పదకొండు, 3 అయితే పాతిక. కానీ ఆ అంకెను కింద, కేబులు చివర కొలిస్తే కేబులు అబద్ధమాడుతుంది. కేబులులో మూడు డెసిబెల్స్ నష్టం ఉంటే, పైన యాంటెన్నా అసలు లేకపోయినా కింద మీటరు 3 దగ్గరే ఆగుతుంది. పైన 3 ఉన్న చెడ్డ యాంటెన్నా కింద 1.7గా ముచ్చటగా కనపడుతుంది. కేబులు ఎంత పాడైతే మీటరు అంత మెచ్చుకుంటుంది! ఆ మాటకొస్తే యాంటెన్నా బదులు తగిలించే డమ్మీ లోడ్ కూడా 1.0 చూపుతుంది; దానినుంచి వీధి చివరకైనా మాట పోదు. నిజమైన పనివాడు మీటరు తీసుకుని టవరు ఎక్కుతాడు. అరచేతిలో ఇమిడే నానో వి.ఎన్.ఎ. వచ్చాక ఆ పని చవకైంది. ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ పెట్టి దాన్ని సరిచూసుకోకుండా కొలిస్తే మాత్రం అదీ ఆటవస్తువే.

ఇంత విద్య ఉన్న చోట అంగట్లో అమ్ముతున్నదేమిటి? రెండు మీటర్ల తెల్లటి గొట్టం మీద ఆరు, ఎనిమిది డెసిబెల్స్ గెయిన్ అని ముద్ర. లో బ్యాండ్‌లో డైపోల్ మీద ఆరు డెసిబెల్స్ రావాలంటే నాలుగు డైపోల్స్ నిలువున పేర్చాలి. పాతిక మీటర్ల ఎత్తవుతుంది. రెండు మీటర్ల గొట్టంలో దాన్ని ఇరికించినవాడికి నోబెల్ ఇవ్వాలి, లేదా నాలుగు తగిలించాలి. కేబులు సంగతి మరీ అన్యాయం. పైన ఆర్.జి. 213 అని రాసి ఉంటుంది. బ్లేడుతో గీస్తే రాగి కింద అల్యూమినియం తెల్లగా బయటపడుతుంది. హై ఫ్రీక్వెన్సీ కరెంటు పైతోలులోనే పారుతుందని, 40 మెగాహెర్ట్జ్‌కు ఆ తోలు మిల్లీమీటరులో వందో వంతేనని, కాబట్టి పూత చాలని అమ్మేవాడు వాదిస్తాడు. కొత్తలో అది నిజమే. ఒక్క వానాకాలం గడిచాక తడి చేరిన అతుకు, పలచటి అల్లిక, టంకం పట్టని ప్లగ్గు ఆ వాదానికి జవాబు చెబుతాయి. అసలైన ఆర్.జి. 213కే 50 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు ఐదు డెసిబెల్స్ పోతాయి. నకిలీలో ఎంత పోతుందో అమ్మినవాడికీ తెలియదు. ఒక ఊరు వరదలో చిక్కుకుని పిలిచినప్పుడు ఆ పిలుపు కేబులులోనే వేడెక్కి ఆరిపోతుంది. ఇది వ్యాపారం కాదు, మోసం.

చేతితో కోసి కట్టేవాళ్లు తగ్గిపోవడం ఇంకా బాధ. పాత అల్యూమినియం పైపు, నైలాన్ దిమ్మ, స్టీలు బోల్టులు, ఆకురాయి, ఒక రోజు ఓపిక. ఇంతకు మించి ఏమీ అక్కరలేని పని ఇది. ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు దీన్ని ఒక వారం పాఠంగా పెట్టాలి. గోదావరి ఒడ్డున ఉన్నవైతే తప్పక పెట్టాలి.

బిగింపులో మరిచేవి కొన్ని. గై వైర్లను గుడ్డు ఇన్సులేటర్లతో ముక్కలు చేయాలి. 40 మెగాహెర్ట్జ్‌కు 3.75 మీటర్లకు దగ్గరగా ఉన్న ముక్క తానే యాంటెన్నా అయి కూర్చుంటుంది. హై టెన్షన్ లైన్లకు దూరంగా ఉండాలి. వాటి చిటపటలు లో బ్యాండ్‌లోనే ఎక్కువ వినిపిస్తాయి, పాల్వంచ విద్యుత్ కేంద్రం వైపు ఈ జాగ్రత్త మరీ అవసరం. వేసవిలో అయనావరణం దూరప్రాంతపు స్టేషన్లను తెచ్చి నెత్తిన పడేస్తుంది, కనుక మనవాళ్ల గుర్తు టోను లేనిదే రిపీటరు తెరుచుకోకూడదు. ఎర్తు గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి వేసవిలో నీళ్లు పోయాలి. రేడియల్స్ మీద కోతులు ఊగుతాయి కాబట్టి బోల్టులకు స్ప్రింగ్ వాషర్లు వేయాలి.

మొదటి వాన పడిన మర్నాడు మళ్లీ టవరు ఎక్కి కొలవాలి. ఎండలో చూసిన అంకెకూ, తడిలో చూసిన అంకెకూ తేడా ఎక్కువగా ఉంటే ప్లగ్గులోకి నీరు దిగినట్టే. టేపు విప్పి, కోసి, కొత్త ప్లగ్గు టంకం వేసి, రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టాలి. ఆ రెండు అంకెలూ తేదీతో సహా కాగితం మీద రాసి రిపీటరు పెట్టె తలుపుకు లోపలి వైపు అంటిస్తారు.