గీకేసిన నంబరు

ఈ వారం ఒక ట్రాన్సిస్టర్ మీద నాకు మహా కోపం వచ్చింది. నిజానికి దాని మీద కాదు, దాని నెత్తిన నంబరు గీకేసిన చెయ్యి మీద.

ఓ కాలేజీ ల్యాబు నుంచి పాత ఆసిలోస్కోప్ వచ్చింది. గీత తెర పైఅంచుకి అతుక్కుపోయింది, ఏ నాబ్ తిప్పినా దిగదు. మూత విప్పితే వర్టికల్ యాంప్లిఫయర్‌లో నుదురూ నుదురూ ఆనించుకున్న రెండు ట్రాన్సిస్టర్లు. ఒకటి చచ్చింది. రెండిటి మీదా బ్లేడు చారలే తప్ప అక్షరం లేదు.

నా చాదస్తం పాత పాఠకులకు తెలిసిందే. పార్టు పీకేముందు ఫొటో తీయమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. చారల గొడవా రాశాను: డబ్బా కెపాసిటర్ మీద చార మైనస్, బోర్డుకి అతుక్కునే టాంటలం మీద చార ప్లస్. ఇది మరిచి ఠప్‌మనిపించినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే కాను. ఇక నంబరు దాచే కంపెనీలంటే నాకు పాత పగ. బజారులో దొరికే 2ఎన్3904 కే టెక్‌ట్రానిక్స్ వాడు 151-0190-00 అని సొంత పేరు పెట్టుకున్నాడు. హెచ్‌పీ వాడి లెక్కలో 1854 తో మొదలైతే ఎన్‌పీఎన్, 1853 అయితే పీఎన్‌పీ.

పట్టుదలకి పోయాను. బతికున్నదాన్ని విప్పి మీటరు డయోడ్ రేంజిలో చూస్తే ఎన్‌పీఎన్, మధ్య కాలు బేస్. ఎమిటర్ ఏదో బోర్డే చెప్పింది, రెండిటి ఎమిటర్లూ ఒకే దారిలో కలుస్తాయి. 2ఎన్3904 పెట్టాను. చేతిలో బీసీ547 కూడా ఉంది గానీ దాని కాళ్ళు తిరగబడి ఉంటాయి. చదును ముఖం మనవైపు ఉంటే దీనికి ఎడమన ఎమిటర్, దానికి ఎడమన కలెక్టర్. గీత మధ్యకి దిగింది. టీ తాగి వచ్చేసరికి మళ్ళీ పైకి పాకుతోంది.

అప్పుడు గుర్తొచ్చాడు మా మేస్త్రీ. నెల్లిమర్లలో జూట్ మిల్లు దారిలో రేడియో షాపు. నేను పదిహేనేళ్ళ గుంటణ్ణి. షిఫ్టు దిగినవాళ్ళు చంకలో రేడియో పెట్టుకుని వచ్చేవారు. మేస్త్రీ విజయనగరం నుంచి పాతికేసి ట్రాన్సిస్టర్లు తెచ్చి, ఒక్కొక్కటీ మీటరులో గుచ్చి గెయిన్ చూసి, కుదిరినవాటిని రెండేసి దారంతో కట్టేవాడు. యాంప్లిఫయర్‌లో బిగించాక నా చేతికి బ్లేడు ఇచ్చేవాడు.

"నంబరెందుకు గీకడం?" అంటే, "కనబడితే ఆ మూల షాపోడు ఒకటి పీకీసి ఇంకోటెట్టీస్తాడ్రా. జత సెడిపోద్ది," అనేవాడు. నేను నమ్మలేదు. ఆ మూల షాపుతో ఆయనకి మాటల్లేవు మరి.

2ఎన్3904 గెయిన్ 100 నుంచి 300 దాకా ఎంతైనా ఉండొచ్చని తయారుచేసేవాళ్ళే డేటాషీట్‌లో రాస్తారు. పైగా ఒక్క డిగ్రీ వేడెక్కితే బేస్-ఎమిటర్ వోల్టేజి రెండు మిల్లీవోల్టులు తగ్గుతుంది. రెండూ ఒకేలా వేడెక్కితే ఆ తేడా తెర దాకా రాదు. అందుకే ఆ నుదుళ్ళు ఆనించడం. నేనేమో ఒకదాన్నే మార్చి, ఎడంగా నిలబెట్టాను. కంపెనీల సొంత నంబర్ల వెనక కొన్నిసార్లు ఉండేది ఏరి పెట్టిన జత. పాత పగలో ఆ సగం వెనక్కి తీసుకుంటున్నాను. మామూలు పార్టుకి ముసుగు వేసినందుకు మిగతా సగం ఉంచుకుంటాను.

శనివారం పాతిక కొని, ఏరితే నాలుగు జతలు తేలాయి. ఒక జత బిగించి, రెండిటికీ కలిపి స్లీవ్ తొడిగి, గంటసేపు వదిలేశాను. గీత కదల్లేదు. నంబర్లు గీకలేదు. మూత లోపల కాగితం అతికించాను: గెయిన్ 182, 184, మారిస్తే రెండూ మార్చాలి.

స్కోపు తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రాడు అది చదివి, "ఒకటే పోయినా రెండూనా మాస్టారూ? దండగ కదా!" అన్నాడు.

బ్లేడు ఎక్కడ పెట్టానా అని సొరుగు లాగాను.