కుంపటి పేరు, పెనం పని

పోయిన శనివారం మనవరాలి పుట్టినరోజు. మా అమ్మాయివాళ్ళు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఎక్కడికెళ్దామంటే పిల్ల ఒకటే మాట: హిబాచి. జపాన్ హోటలు. ఒకవైపు సుషి చేసే బల్ల, రెండోవైపు బల్లల్లోనే అమర్చిన పెద్ద పెనాలు. పెనం చుట్టూ మనం కూర్చుంటే వంటవాడు ఎదురుగా నిలబడి వండుతూ వడ్డిస్తాడు.

పేరు దగ్గరే నాకు చిరాకేసింది. హిబాచి అంటే నిప్పుల కుండ. అచ్చం మన కుంపటి. చలికాలం అందులో బొగ్గులేసుకుని చేతులు కాచుకునేవాళ్ళు. ఈ హోటల్లో ఉన్నది తెప్పన్, అంటే ఇనుప పలక. ఆ వంటని జపాన్‌లో తెప్పన్‌యాకి అంటారు. పెనాన్ని చూపించి కుంపటి అంటే మనమైతే ఒప్పుకుంటామా? వంటింటి మాటల్ని తారుమారు చెయ్యొద్దని ఈ కాలమ్‌లో నేనెన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. మనవైనా పరాయివైనా మాటలకు ఆ మాత్రం మర్యాద దక్కాలి.

ఇక ఆ సందడి. ఉల్లిచక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో నూనె పోసి మంట లేపడం. గుడ్డుని గరిట అంచున గిరగిరా తిప్పడం. ఉడికిన ముక్కని మన నోట్లో పడేలా విసరడం. 1964లో న్యూయార్క్‌లో బెనిహానా అనే హోటలు తెరిచిన రాకీ ఆయోకి కుస్తీ ఆటగాడు. అమెరికా వాళ్ళకు ఈ పెనం ముందు కూర్చోవడం అలవాటు చేసింది ఆయనే. బెనిహానా అంటే కుసుమ పువ్వు. పేరు చక్కగానే ఉంది కానీ, తిండిని విసరడం నాకు నచ్చదు. అన్నం దగ్గర ఆటలేమిటని పెరిగినవాణ్ణి.

శనివారం కావడంతో హోటలు కిటకిటలాడుతోంది. కుర్ర వంటవాడు కంగారు కంగారుగా రొయ్యలు వేయించిన చోటే మా ఆవిడకి కూరముక్కలు వేయించాడు. తను గుడ్డు కూడా ముట్టదు. పళ్ళెం పక్కకి జరిపి, ఉత్త అన్నం తెప్పించుకుని తింది. పుట్టినరోజు కదా అని పైకేమీ అనలేదు. నేను మాత్రం అంతసేపూ సుషి బల్లకేసే చూస్తూ కూర్చున్నాను. అక్కడ మంటల్లేవు, కేకల్లేవు. ఒక మనిషి తల వంచుకుని చేపని పల్చగా కోస్తున్నాడు. వంటంటే ఇదీ అనిపించింది. మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ వద్దామని అమ్మాయికి చెప్పాను. ఈ వారం కాలమ్‌కి విషయం కూడా అప్పుడే ఖాయమైంది: సుషి గొప్ప.

సుషి మీద నాకంత మక్కువ ఎందుకంటే, తెనాలిలో మా నాయనమ్మ చేసే పులిహోర వల్ల. ధనుర్మాసంలో తెల్లవారుజామునే గుడికి ప్రసాదం పంపాలి. మెతుకు పలుకు విడవకముందే అన్నం వార్చేసి, ఇత్తడి తాంబాళంలో గుమ్మరించేది. వేడి మీదే పసుపు, నువ్వుల నూనె, నాలుగు పచ్చి కరివేపాకు రెబ్బలు. విసనకర్ర నా చేతికిచ్చి విసరమనేది. గరిట పెట్టి మెదపనిచ్చేది కాదు. అరచెయ్యి నిలువుగా దించి, అన్నాన్ని కోస్తున్నట్టు విడదీసేది. మెతుకు విరిగితే పులుపు ముద్దై కూర్చుంటుందనేది. పులుసు కలిపాక గంటసేపు మూత పెట్టి ఉంచాలి. చేత్తో తాకితే ఒంటి వేడిమికి దగ్గరగా ఉన్నప్పుడు, అదీ తినే వేళ.

సుషి వంటవాళ్ళు చేసేదీ ఇదేనని ఏళ్ళ తర్వాత తెలుసుకుని నివ్వెరపోయాను. అడుగు వెడల్పుగా ఉండే చెక్క తొట్టిలో వేడన్నం పోస్తారు. సిర్కా, పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు చల్లుతారు. చెక్క గరిటె అంచుతో కోస్తున్నట్టు విడదీస్తూ, విసనకర్రతో విసురుతారు. ఎక్కువైన తడిని ఆ చెక్క పీల్చేస్తుంది. ముద్ద చేసి ఇచ్చే వేళకి అన్నం ఒంటి వేడితోనే ఉండాలి. పులిహోరలో 'పులి' ఉన్నట్టే సుషి అన్న మాటకీ మూలం పులుపే. మొదట్లో చేపని అన్నంలో పెట్టి నెలల తరబడి పులియబెట్టి, అన్నం పారేసి చేప తినేవాళ్ళు. బివా సరస్సు దగ్గర ఇప్పటికీ ఆ పాత పద్ధతిలో చేస్తున్నారు. సిర్కా వచ్చాక అప్పటికప్పుడే పులుపు తేవడం కుదిరింది. అప్పటినుంచి సుషికి అన్నమే ప్రాణం. చేప దాని తర్వాతే.

మంగళవారం ఆ ఆశతోనే కూర్చున్నాను. సాల్మన్ ముక్క చక్కగా కోశాడు, వాసన లేదు, తాజాగా ఉంది. దాని కింది అన్నం మాత్రం చల్లగా, మెతుకు మెతుకూ బిరుసుగా పంటికి తగిలింది. ఫ్రిజ్‌లో పెట్టి తీసిన అన్నం. మా ఆవిడ కీరా రోల్‌దీ అదే కథ. ఇంత పనితనం తెలిసిన మనిషి అన్నాన్ని అలా వదిలెయ్యడం నాకు బాధనిపించింది.

లేచి పెనం దగ్గరికి మారాం. ఆ రోజు వేరే వంటవాడు, యాభై దాటిన మనిషి. ఊరడిగితే ఇండోనేషియా అన్నాడు. నూనె సీసా ముట్టుకోకముందే, "మీలో మాంసం తిననివాళ్ళు ఎవరు?" అని అడిగాడు. మా ఆవిడ చెయ్యెత్తింది. పెనం మీద నీళ్ళు పోసి, గీకి, తెల్లటి బట్టతో రెండుసార్లు తుడిచాడు. ఇంకో గరిట జత తెప్పించి, అందరికంటే ముందు తనకి వండాడు. నిన్నటి అన్నం గడ్డల్ని గరిట బల్లపరుపు వైపుతో అదిమి, అంచుతో తట్టి విడదీశాడు. మంట మధ్యలోనే ఎక్కువ. వేగింది వేగినట్టు చివరలకి నెట్టుకుంటూ పోయాడు. సుషికి పనికిరాని చల్లన్నం ఇక్కడ సరిగ్గా కావలసిన అన్నం. పొద్దున్నే చద్దన్నానికి పోపు పెట్టే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మా ఆవిడ మెతుకు మిగల్చకుండా తింది.

బల్ల చివర నాలుగేళ్ళ పిల్లాడున్నాడు. వాడి కోసం ఉల్లిచక్రాలు పేర్చాడు. వాడు తల్లి ఒళ్ళోకి ముడుచుకోవడం చూసి నూనె సగం తగ్గించి, చిన్న మంట లేపాడు. వాడు మెల్లగా ఇటు తిరిగి చప్పట్లు కొట్టాడు.

అందుకే సుషి గొప్ప అని రాద్దామనుకున్న కాలమ్‌ని పక్కన పెట్టేశాను. ఆ హోటల్లో నేను చూసిన మంచి వంటవాడు పెనం దగ్గరే ఉన్నాడు. దాన్ని హిబాచి అనడం మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే శాకాహారులకు ఒక మాట. ఈ పెనాల ముందు కూర్చోగానే, నూనె పడకముందే మీ సంగతి చెప్పండి. పెనం కడిగి ముందు మీకే వండమని అడగండి. మొహమాటపడి పళ్ళెం పక్కకి జరపకండి.