పద్మినికి పాత రంగే మేలు

సంక్రాంతి వెళ్లాక, శివరాత్రి రాకముందు ఉండే ఆ నెలా నెలన్నరే కోస్తాలో ఇంటి దగ్గర కారుకు రంగు వేసుకునేవాడికి మంచి రోజులు. పొద్దున్నే మంచు పడుతుంది కనుక పదింటి దాకా ఆగాలి. సాయంత్రం నాలుగయ్యేసరికి స్ప్రే గన్ను కడిగి పక్కన పెట్టేయాలి. లైట్లు వేసుకుని రాత్రిపూట కొట్టుకుందామనుకుంటే పేటలో ఉన్న పురుగులన్నీ వచ్చి తడి రంగు మీదే వాలతాయి. మే నెలలో అయితే గన్నులోంచి వచ్చిన రంగు రేకును చేరేలోపే సగం ఆరిపోయి, చెయ్యి పెడితే గరగరలాడుతుంది. ఇక శ్రావణ భాద్రపదాల సంగతి చెప్పనే అక్కర్లేదు. థిన్నర్ ఆవిరైపోతూ రేకును చల్లబరుస్తుంది, చల్లబడ్డ రేకు మీదికి గాలిలోని తేమ దిగుతుంది, నిగనిగలాడాల్సిన చోట తెల్లటి మసక కమ్ముకుంటుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలిపితే కొంత ఆగుతుంది గానీ బెజవాడ ఉక్కపోతను పూర్తిగా గెలిచే థిన్నర్ నాకు ఇంతవరకు తగల్లేదు.

నేను రంగు వేసుకున్నది ప్రీమియర్ పద్మినికి. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చి, 1974లో పద్మిని అని పేరు మార్చుకుని, దాదాపు ఆ శతాబ్దం చివరిదాకా తయారైన బండి. కంపెనీ పేరు ఏం పెట్టినా మనవాళ్లకు అది ఫియట్ కారే. ఊళ్లో డాక్టరుగారికో, ప్రాక్టీసు బాగా ఉన్న ప్లీడరుగారికో ఉండేది. 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, వెనకవైపు చిన్న రెక్కలు. బొంబాయిలో నలుపూ పసుపూ ట్యాక్సీలుగా బతికిన ఆఖరి పద్మినులు కూడా ఇరవయ్యేళ్ల గడువు తీరిపోయి 2023 అక్టోబరులో రోడ్డు దిగాయి. ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా ఇళ్లల్లో టార్పాలిన్ల కింద ఉన్నవే. నాన్నగారి నుంచి నాకొచ్చిందీ అలాంటిదే.

షెడ్డులో ఇచ్చేస్తే పోయేదానికి నీకెందుకీ తద్దినం అని అడగని చుట్టం లేడు. ఖర్చు కలిసొస్తుందని మాత్రం నేను చెప్పను. కంప్రెసరు, గన్ను, గొట్టాలు, మాస్కు, పుట్టీ, కాగితాలు, రంగు అన్నీ లెక్కేస్తే షెడ్డు బిల్లుకు అటూ ఇటూగానే తేలుతుంది. అసలు తేడా తీరికలో ఉంది. షెడ్డు నడిపేవాడికి బండి ఎంత తొందరగా గేటు దాటితే అంత లాభం. గుద్దుకున్న కొత్త కారు, ఇన్సూరెన్సు పని, శనివారానికి డెలివరీ, అతని లెక్క అది. దశాబ్దాల తుప్పు ఆ లెక్కలో ఇమడదు. ఇంటిదగ్గరవాడు ఒక్క డోరును పట్టుకుని నెలంతా రుద్దుకుంటూ కూర్చున్నా అడిగేవాళ్లు లేరు, ఇంటావిడ తప్ప.

ఆటోనగర్‌లో తలపండిన పెయింటరు మేస్త్రి ఒకాయన ఉన్నాడు. గన్ను పట్టుకోవడం నేర్పమని వెళ్తే నా చేతిలో చెక్కముక్క, వాటర్ పేపరు పెట్టాడు. "రంగు కొట్టడం పూట పని సార్. ముందు రుద్దడం నేర్చుకోండి. మీరు కింద ఏది వదిలేస్తే పైన అదే మెరుస్తాది" అన్నాడు. ఆ చెక్కముక్కకు అర్థం తర్వాత తెలిసింది. కాగితాన్ని ఉత్త వేళ్లతో పట్టి రుద్దితే వేళ్లు నొక్కిన చోటల్లా కాలువలు పడతాయి. అప్పటికి కంటికి ఆనవు. నిగారింపు వచ్చాక ఆనతాయి.

పద్మినికి తుప్పు ఎక్కడ పడుతుందో వెతకనక్కర్లేదు, నీళ్లు నిలిచే చోట్లు చూస్తే చాలు. డోర్ల కింది అంచులు, ముందు మడ్‌గార్డుల అడుగు భాగం, కాళ్ల కింద ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ చుట్టుపక్కల. పాత బండి కొనబోయేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లాలి. మెత్తటి గుడ్డలో చుట్టి బాడీ మీద ఆనిస్తూ పోతే, పట్టు వదిలిన చోట కింద రేకు లేదు, పుట్టీ ఉంది అని అర్థం. పుట్టీ చెడ్డదేమీ కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఏళ్లతరబడి నిలుస్తుంది. సుత్తితో సరిచేయాల్సిన సొట్టను, అతుకు వేయాల్సిన చిల్లును పుట్టీతో పూడ్చేస్తేనే ఎండకూ గతుకులకూ అది పగిలి ఊడిపడుతుంది.

పాత రంగును గీకేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో గోడలకు, ఇంటి సామానుకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. కార్ల రంగులు దాని పరిధిలోనే లేవు. కాబట్టి పాత పొరను పొడిగా మిషను పెట్టి గీకి, ఆ దుమ్ము పిల్లలు తిరిగే వాకిట్లోకి వదలకూడదు. తడిపి రుద్దాలి, ఆ నీళ్లను పూలమొక్కల్లోకి మళ్లించకూడదు. అయితే తడి తగిలిన ఉత్త రేకు మన గాలికి ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. ఏ రోజు రేకు బయటపడిందో ఆ రోజే తుడిచి, ఆరబెట్టి, దాని మీద ప్రైమరు వేసేయాలి.

ప్రైమరు అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. నల్లరంగును మసకమసకగా చిమ్మి, ఆరాక చెక్కముక్కతో రుద్దాలి. మిట్టల మీద నలుపు ముందే పోతుంది, గుంటల్లో మిగిలిపోతుంది. మిగిలిన చోట మళ్లీ పుట్టీ, మళ్లీ ప్రైమరు, మళ్లీ నలుపు. 80 నంబరు కాగితంతో మొదలెట్టి 220, 400 మీదుగా 600కు వచ్చేసరికి రేకు ఒక దారికొస్తుంది. అప్పుడు కూడా కంటిని నమ్మకూడదు. అరచేతి కింద పల్చటి నూలుగుడ్డ వేసుకుని, కళ్లు మూసుకుని డోరంతా నిమిరి చూడాలి. కంటికి దొరకని వంకర చేతికి దొరుకుతుంది. చేతికీ దొరక్కపోతే తడిపిన రేకు పక్కన ట్యూబులైటు నిలబెట్టి దాని నీడ చూడాలి. గీత తిన్నగా కనబడితే సరే, మెలికలు తిరిగితే మళ్లీ చెక్కముక్క. రంగు వేసే పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. బహుశా ఇందులో ఎవరూ పొగడాల్సింది ఏమీ లేకపోవడం వల్ల కావచ్చు.

గన్ను విషయానికొస్తే, రంగుకు 1.4 మిల్లీమీటర్ల నాజిల్, చిక్కటి ప్రైమరుకు 1.8 సరిపోతుంది. రేకుకూ గన్నుకూ మధ్య జానెడుకు కాస్త తక్కువ దూరం. మణికట్టు తిప్పుతూ కొడితే మధ్యలో దళసరిగా, చివర్లలో పల్చగా పడుతుంది. మోచేయి, భుజం, నడుము అన్నీ కలిసి కదలాలి. డోరు అంచుకు ముందే ట్రిగ్గరు నొక్కి, రెండో అంచు దాటాక వదలాలి. ఒక పట్టీలో సగాన్ని తొక్కుతూ తర్వాతి పట్టీ పడాలి. మట్టినేల అలికేటప్పుడు మా అమ్మమ్మ చెయ్యి అచ్చం అలాగే వెళ్లేది, ఆవిడకు ఎవరూ చెప్పకపోయినా. చేతికి ఆ లయ పట్టుబడేదాకా పాత డ్రమ్ముల మీద, రేకు ముక్కల మీద కొట్టుకోవడమే దారి.

కోస్తాలో కంప్రెసరుదీ ఒక పేచీ. తేమగాలిని నొక్కిపెడితే అది ట్యాంకులో చల్లబడి నీరవుతుంది. ఆ నీటిబొట్టు గొట్టం వెంట వచ్చి సరిగ్గా బానెట్ మధ్యలో ఉమ్ముతుంది. గాలి లైనుకు తేమ పట్టే ఫిల్టరు పెట్టాలి, పని మొదలెట్టే ముందు ట్యాంకు అడుగు మర తిప్పి నీళ్లు వదలాలి. ఇంకో శత్రువు నూనె. తుడిచిన రేకును నూనె చేత్తో తాకితే అక్కడ రంగు అతక్కుండా గుండ్రటి గుంటలు పడతాయి. రంగు కొట్టే రోజున తలకు కొబ్బరినూనె రాసుకోవద్దని మేస్త్రి చెబితే మొదట వేళాకోళం అనుకున్నాను. ఆయన మొహంలో నవ్వు లేదు.

ఇప్పుడు అసలు గొడవ, ఏ రంగు వేయాలన్నది. షాపులో రెండు దారులు చూపిస్తారు. ఒకటి ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్. రెండోది టూకే, గట్టిపడటానికి హార్డెనరు కలిపే పాలీయూరిథేన్ రంగు. ఈ రోజుల్లో ఎన్‌సీ అడిగితే షాపువాడు జాలిగా చూస్తాడు. నా ఓటు మాత్రం దానికే.

కార్ల రంగుల చరిత్రను మార్చింది ఎన్‌సీయే. అంతకుముందు బ్రష్షుతో పూసే వార్నిషు రంగులు ఆరడానికి వారాలు పట్టేది. 1920ల మొదట్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో దీన్ని తెచ్చింది. జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్లాండ్ కార్లు 1924 మోడలుగా నీలం రంగులో దీనితోనే వచ్చాయి. వారాల పని గంటల్లోకి దిగింది. మన వడ్రంగులు బీరువాలకు డ్యూకో కొట్టించమంటారే, ఆ పేరు అక్కడిదే. దీనిలో రసాయనిక మాయ ఏమీ జరగదు. థిన్నర్ ఎగిరిపోతుంది, రంగు మిగులుతుంది, అంతే. మళ్లీ పైన ఇంకో కోటు కొడితే ఆ థిన్నర్ కింది పొరను కాస్త కరిగించి రెండూ ఒకటైపోతాయి. ఇంట్లో కొట్టుకునేవాడికి ఇంతకన్నా వరం లేదు. రంగు కారిందా, ఆరనిచ్చి 800 కాగితంతో రుద్ది మళ్లీ కొట్టు. దుమ్ము పడిందా, అదే మందు. వచ్చే ఏడు డోరు గీసుకుపోయినా ఆ డోరు వరకే బాగు చేసుకోవచ్చు. చివర్లో 1000, 1500, 2000 కాగితాలు తిప్పి రబ్బింగు కాంపౌండు పట్టిస్తే వచ్చే మెరుపులో గాజుపూత తళుకు ఉండదు, లోతు ఉంటుంది. పద్మిని లాంటి బండికి నప్పేది ఆ లోతే.

లోపాలు లేవని కాదు. ఎండకు ఎన్‌సీ వెలుస్తుంది, పెట్రోలు ఒలికితే మరక పడుతుంది, ఏటా పాలిష్ అడుగుతుంది. రోజూ ఆఫీసుకు తిరిగే బండికి నేను కూడా వద్దనే అంటాను. ఆదివారం పూట గుడిదాకా వెళ్లొచ్చే బండికి ఆ మాత్రం సేవ భారం కాదు. ద్రావకాల పొగ తగ్గించాలని 2004లో గట్టి ఆదేశం తెచ్చిన యూరప్ కూడా చారిత్రక వాహనాల పునరుద్ధరణకు మాత్రం పాత రకం రంగులను పరిమితంగా అమ్ముకునే వీలు ఉంచింది.

పైగా ఎన్‌సీ మండుతుంది, మామూలుగా కాదు. దూదికి నైట్రిక్ ఆమ్లం పట్టించి చేసే ఈ పదార్థం పాత సినిమా రీళ్లకూ మందుగుండుకూ దగ్గరి చుట్టం. రంగు కొట్టే వరండాకు ఆనుకుని దేవుడి గది ఉంటే ఆ పూట దీపారాధన వాయిదా వేయాలి. గ్యాస్ పొయ్యి, ఇన్వర్టరు, స్విచ్చు నిప్పురవ్వ, అన్నీ దూరం. థిన్నర్ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. థిన్నర్ ఆవిరి పీల్చకుండా బొగ్గు క్యాట్రిడ్జి ఉన్న మాస్కు తప్పనిసరి. పక్కింటి డాబా మీద వడియాలు ఎండుతున్నాయేమో కూడా చూసుకోవాలి. గాలికి రంగు ఎంత దూరం పోతుందో పోయాకే తెలుస్తుంది.

టూకే సంగతి వేరు. అది గట్టిది, మెరుపు నిలుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దాని హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి. గన్నులోంచి వచ్చే తుంపరతో అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. హెచ్చరించే వాసన ఉండదు, సన్నటి తుంపర మామూలు వెలుతురులో కంటికి ఆనదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఉబ్బసం కమ్ముకుంటుంది, చాలామంది ఆ వృత్తే మానుకోవాల్సి వస్తుంది. ముక్కుకు కట్టిన తువాలు దీన్ని ఆపదు. బొగ్గు మాస్కు కూడా చాలదు, అది అరిగిపోయిందని చెప్పడానికి వాసన లేదు కదా. బయటినుంచి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే ముసుగు కావాలి, గాలి లాగే బూత్ కావాలి. యూరప్‌లో 2023 ఆగస్టు నుంచి శిక్షణ తీసుకోని పనివాళ్లు ఇలాంటివి వాడకూడదు. మన దగ్గర చిన్న డబ్బా కొని ఇంటికి తెచ్చుకోవడానికి ఎవరూ ఏమీ అడగరు.

ఈ గన్ను పుట్టుక గుర్తొస్తే చిత్రంగా ఉంటుంది. అమెరికాలో ఓహాయో రాష్ట్రం టొలీడో ఊళ్లో ఎలన్ డివిల్బిస్ అనే గొంతు వైద్యుడు, రోగుల గొంతులోకి మందు చిమ్మడానికి 1880ల్లో చిన్న సాధనం చేశాడు. ఆయన కొడుకు థామస్ దాన్ని రంగులకు మళ్లించి 1907లో స్ప్రే గన్ను చేశాడు. గొంతును కాపాడటానికి పుట్టిన పనిముట్టు ముందు నిలబడి మనం ఇప్పుడు గొంతు కాపాడుకోవాలి.

రంగు మార్చాలని సరదా పడేవాళ్లకు ఒక మాట. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది, మారిస్తే ఆర్టీవో ఆఫీసులో మార్పించుకోవాలి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషను కావాలంటే బాడీ, ఛాసిస్, ఇంజిను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచుకోవాలి. నా మాట వింటే పాత రంగుకే పోండి. ఎండ తగలని డిక్కీ మూత లోపలివైపో, గ్లవ్ బాక్సు మూల్లోనో దాని అసలు ఛాయ ఇంకా ఉంటుంది. అది చూపిస్తే షాపువాడు కలిపిస్తాడు.

టూకేనే కావాలంటే ఇంట్లో మాత్రం కొట్టకండి. మంచి బూత్ ఉన్న షెడ్డుకు తోలుకెళ్లండి. అక్కడ గన్ను పట్టుకున్న కుర్రాడు మూతికి కర్చీఫు కట్టుకుని కనిపిస్తే, గాలి గొట్టం ఉన్న మాస్కు తెప్పించి దాని ఖర్చు మీ బిల్లులో వేయమని ఓనరుతో చెప్పండి. ఒప్పుకోకపోతే బండి వెనక్కి తెచ్చేసుకోండి.