విప్పి కుట్టే విద్య

రెడీమేడ్ జీన్స్‌ను ఒంటికి కుదిరేలా సరిచేసే పనిలో సగానికి మించి విప్పడమే. కుట్టడం తర్వాతి మాట. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందుల్లో, చిత్తూరు చర్చి వీధి చుట్టుపక్కల, మదనపల్లె, పుత్తూరు, నగరి ఊళ్లలో ఇంటి వరండాలోనే మిషను వేసుకున్న ఆడవాళ్ల దగ్గర ఈ విద్య ఇంకా బతికుంది. తొడల దగ్గర పట్టేసి, కూర్చుంటే వెనక కిందికి జారిపోయే ప్యాంటును తీసుకెళ్లి ‘రొంత లూజు చెయ్యక్కా’ అని ఇస్తే చాలు, మళ్లీ చేతికొచ్చేసరికి దాని తీరే మారిపోతుంది. అతుకు ఎక్కడ పడిందో తొడుక్కున్నవాడికే దొరకదు. ఇంతటి పనితనానికి ఒక పేరంటూ లేదు. బోర్డు మీద అన్నిటికన్నా కింద ‘ఆల్ట్రేషన్ చేయబడును’ అన్న ఒక్క ముక్కే దానికి మిగిలింది.

జీన్స్ పుట్టిందే ఒక దర్జీ చేతిలో. అమెరికాలోని రీనో పట్నంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, కట్టెలు కొట్టే మనిషి ప్యాంటుకు జేబులు చిరిగిపోకుండా మూలల్లో రాగి రివిట్లు కొట్టాడు. తనకు బట్ట సరఫరా చేసే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు పొందాడు. పేరు మాత్రం బట్ట అమ్మినవాడికే దక్కింది. దర్జీలకు ఏ దేశంలోనైనా జరిగే న్యాయం అదే కాబోలు. మన వైపు 1970ల్లో సినిమాలతో పాటు బెల్‌బాటమ్‌లు వచ్చాయి. ఆ మోజు తీరాక అన్నల బెల్‌బాటమ్‌లను తమ్ముళ్లకు సన్నకాళ్ల ప్యాంట్లుగా మార్చిన దర్జీలే ఈ విద్యకు ఆద్యులని చెప్పుకోవచ్చు. 1995లో అరవింద్ మిల్స్ ‘రఫ్ అండ్ టఫ్’ పేరుతో డెనిమ్ బట్ట, జిప్పు, రివిట్లు ఒకే ప్యాకెట్లో పెట్టి 195 రూపాయలకు అమ్మింది. కుట్టే పని మాత్రం ఊరి దర్జీదే. జీన్స్ లోపల ఏ ముక్క ఏ ముక్క మీద కూర్చుంటుందో చేత్తో తెలుసుకున్న తరం ఆ ప్యాకెట్లు కుట్టిన తరమే. కర్ణాటక సరిహద్దుకు అటు బళ్లారిలో, ఇటు రాయదుర్గంలో జీన్స్ కుట్టడం పెద్ద పరిశ్రమగా పెరిగింది. బళ్లారి దర్జీల తాతలు బ్రిటిష్ సిపాయిలకు యూనిఫారాలు కుట్టినవాళ్లని చెబుతారు.

బట్ట సంగతి క్లుప్తంగా. డెనిమ్‌లో పడుగు నీలిరంగు, పేక తెలుపు. ఏటవాలు గీతలు కనిపించే ట్విల్ నేత కావడం వల్ల కొన్ని ప్యాంట్లలో ఉతికాక కాలు పక్కకు మెలి తిరుగుతుంది. దాన్ని ఏ దర్జీ బాగుచేయలేడు. అలాంటి ప్యాంటును తీసుకోకుండా తిప్పి పంపేవాడే నిజాయితీపరుడు. కొత్త ప్యాంటును ఒకసారి ఉతికి ఆరబెట్టాకే కొలత తీయాలి. నూలు డెనిమ్ తొలి ఉతుకులో కుంచించుకుపోతుంది, ముఖ్యంగా పొడవులో.

కొలత టేపుతో మొదలవదు. ప్యాంటు తొడిగించి, నిలబెట్టి, కూర్చోబెట్టి, ఒక కాలు ఎత్తించి ముడతలు చూడాలి. ముందు వైపు తొడల సందు నుంచి అడ్డంగా పక్కలకు లాగుతున్న ముడతలుంటే అక్కడ బట్ట చాలలేదని అర్థం. పిరుదుల కింద వదులుగా వేలాడే ముడతలుంటే అక్కడ ఎక్కువైందని. కూర్చున్నప్పుడు వెనక పట్టీ కిందికి దిగితే నడుముది కాదు దోషం, సీటు వంపు పొట్టిది. ఈ తేడా తెలియనివాళ్లే ప్రతిదానికీ నడుం బిగించి పంపేస్తారు. ఈ ప్రాంతంలో ప్యాంటుకు పెట్టే పరీక్ష కూడా చిన్నదేం కాదు. అలిపిరి నుంచి కాలినడకన తిరుమల కొండెక్కాలంటే 3,550 మెట్లు. ఆర్జిత సేవలకు జీన్స్ పనికిరాదు గనక పైన పంచో, కుర్తా పైజామానో వేసుకోవాల్సిందే, అయినా మెట్లెక్కే కుర్రాళ్లలో చాలామంది జీన్స్‌లోనే ఎక్కుతారు. మోకాలు ఎత్తిన ప్రతిసారీ తొడల సందున పట్టేసే ప్యాంటు దారి చివర్లోని మోకాళ్ల పర్వతం చేరేలోపే తన గుణం చూపిస్తుంది.

నడుముతో మొదలుపెడితే, పిరుదులకు సరిపోయిన ప్యాంటు నడుం వెనక దొప్పలా తెరుచుకోవడం ఎక్కువగా ఆడవాళ్లకు వచ్చే తంటా. నాసిరకం పనివాళ్లు బెల్టు పట్టీతో సహా రెండు పక్కలా మడత వేసి కుట్టిపారేస్తారు. ఆ మడత తొడుక్కున్నంతసేపూ నడుమును ఒరుస్తూనే ఉంటుంది. సరైన పద్ధతిలో వెనక నడిమి లూపు తీసి, పట్టీని అటు మూడు ఇటు మూడు ఇంచులు విప్పి, దాని కింద ఉండే అడ్డ ముక్క యోకును, సీటు కుట్టును విప్పాలి. సీటు కుట్టులో ఒక అంచు మరో అంచును మడతలోకి తీసుకుని, పైన రెండు వరసల కుట్టుతో బిగిసి ఉంటుంది. ఒక ఇంచు తగ్గించాలంటే ఒక్కో పక్క అర ఇంచు లోపలికి చాక్‌తో గీసి, ఆ గీత వంపులోకి దిగేసరికి పాత కుట్టులో కలిసిపోయేలా చూడాలి. పట్టీని సరిగ్గా నడిమిలో కోసి, అతికి, ఆ అతుకు మీదే లూపును తిరిగి కుడితే పని కనబడదు. రెండు ఇంచులు మించి తగ్గిస్తే వెనక జేబులు ఒకదాని పక్కకొకటి జరిగి అందం చెడుతుంది.

పట్టీ లోపలి వైపు చాలా ప్యాంట్లలో గొలుసు కుట్టు ఉంటుంది. సరైన కొస పట్టి లాగితే బారెడు దారం ఒక్క ఊపున చేతికొస్తుంది. తప్పు కొస పడితే కుట్టు కుట్టునూ తెంచుకోవాల్సిందే. ఆ కొసను చూపుతోనే పోల్చుకునే పాత దర్జీల పని చూసి తీరాలి. సీమ్ రిప్పర్ జోలికి పోకుండా, సగానికి విరిచిన బ్లేడుతో, బట్ట పోగు ఒక్కటి తెగకుండా, మాట్లాడుతూ మాట్లాడుతూ సీటు మొత్తం విప్పి బల్ల మీద పరుస్తారు. ఆ ఒడుపు ఏ పుస్తకమూ నేర్పదు.

బిగుతైన నడుమును వదులు చేయడం అంతకన్నా కష్టం, ఆ కష్టం కంపెనీలు తెచ్చిపెట్టింది. ఊరి దర్జీ కుట్టిన ప్యాంటులో వెనక నడిమి కుట్టు లోపల ఒకటిన్నర, రెండు ఇంచుల బట్ట వదిలేవాడు, మనిషి లావెక్కుతాడన్న ముందుచూపుతో. రవిక కుట్టే ఆడవాళ్లూ అంతే, పక్కల లోపల బట్ట వదిలి రెండు మూడు వరసల కుట్లు వేస్తారు, ఏడాదికొకటి విప్పుకోవచ్చు. ఫ్యాక్టరీ జీన్స్‌లో మిగిలేది అర ఇంచు కూడా ఉండదు. మీటరుకింత అని లెక్కగట్టి కోసే చోట ముందుచూపుకు తావెక్కడిది? అందుకే పక్క కుట్లు విప్పి, పట్టీ నుంచి తుంటి దాకా కోసుగా సన్నబడే ముక్క రెండు వైపులా వేయాలి. పాత జీన్స్ కాలి నుంచి తీసిన ముక్క, నేత గీత ఒకే వైపు వాలేలా పెడితే, చొక్కా బయటికి వేసుకున్నప్పుడు ఎవరికీ తెలియదు.

అసలు విద్య మాత్రం సీటు దగ్గరే ఉంది. సీటు వంపు పొట్టిదైనప్పుడు వెనక వైపు వంపును పావు ఇంచు నుంచి అర ఇంచు దాకా లోతుగా కొత్తగా గీసి కుడతారు. బట్ట కోసేస్తే బిగుతవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడ కోస్తే వంపు పొడవు పెరిగి కూర్చోవడానికి చోటొస్తుంది. అర ఇంచు దాటితే మాత్రం తొడ పట్టేస్తుంది, దాటకుండా ఆగడంలోనే ఉంది నేర్పు. తొడల సందున నాలుగు కుట్లు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి, ప్యాంటు చిరిగేదీ అక్కడే. పైజామాలకు మియానీ అనే సందు ముక్క వేసి అలవాటున్న దర్జీలు అక్కడ రెండు కాళ్ల లోపలి కుట్లనూ, ముందూ వెనకా సీటు కుట్టునూ రెండు మూడు ఇంచులు విప్పి డైమండు ఆకారపు ముక్క అతుకుతారు. లాగుడంతా ఒక్క చుక్క మీద కాకుండా నాలుగు పక్కలకూ పంచుకుంటుంది. ఈ పని పదిలంగా వచ్చిన దర్జీకి మిగతావన్నీ వచ్చినట్టే.

సాధనాలు తక్కువే. 16 లేక 18 నంబరు సూది, ముదురు పసుపు దారం. లావు దారం దొరకకపోతే 40 నంబరు దారం రెండు పోగులు కలిపి సూదిలో ఎక్కించి, బాబిన్‌లో మామూలు దారం పెడతారు. కుట్లు కలిసే లావు చోట్లను ముందు సుత్తితో కొట్టి అణచి, అక్కడికొచ్చాక కాలు ఆపి చక్రాన్ని చేత్తో తిప్పాలి. మోటారు బిగించిన మిషన్ల కన్నా కాలితో తొక్కే పాత ఉషా, సింగర్‌లే ఈ పనికి మేలని ఇక్కడి ఆడవాళ్లు గట్టిగా అంటారు. ఆ మాటలో పక్షపాతం ఉంది, నిజమూ ఉంది. లైక్రా కలిసిన సాగే జీన్స్ మీద వేడి ఇస్త్రీ పెడితే సాగుడు పోతుంది.

కాళ్లు సన్నం చేయడం తేలిక. చాలా జీన్స్‌లో బయటి పక్క కుట్టు మీద పైకుట్టు ఉండదు గనక అక్కడే మోకాలి నుంచి కిందికి లోపలికి కుట్టుకురావచ్చు.

కడుపు మండేది అంచు దగ్గర. పొడవు తగ్గించడమంటే కింద కోసి, మడిచి, కొత్త దారంతో ఒక కుట్టు వేయడమే అనుకునేవాళ్లు రోడ్డు పొడవునా తయారయ్యారు. ప్యాంటు కొన్న చోటే, అరిగి వెలిసిన అసలు అంచును కోసి చెత్తబుట్టలో వేస్తున్నారు. కొన్న మనిషి టీ తాగి వచ్చేలోపు అయిపోయిందని గొప్ప కూడా చెప్పుకుంటున్నారు. పెద్ద బ్రాండు నకలు ‘ఫస్ట్ కాపీ’ జీన్స్ కొనేవాడు, సీటు విప్పి కుట్టే దర్జీ కూలి అడిగితే బేరమాడతాడు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన జగనన్న చేదోడు పథకం కింద దర్జీలకు ఏడాదికి 10,000 రూపాయలు అందాయి, మంచిదే, కానీ డబ్బు విద్యను నిలపలేదు. శిక్షణ కేంద్రాలు జాకెట్టు, లంగా, చుడీదారు దగ్గరే పాఠం ఆపేస్తున్నాయి. ఒక్క పాత ప్యాంటు ఇచ్చి పూర్తిగా విప్పించి, తిరిగి కుట్టిస్తే నేర్చుకునేవాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. ఈ చేతులు ఉండగానే ఆ పని జరగాలి.

అసలు అంచును దక్కించుకునే తీరు కష్టమేమీ కాదు. పొడవును అన్నిటికన్నా చివర, రోజూ వేసుకునే చెప్పులతో నిలబెట్టి కొలవాలి. సీటు మారితే పొడవూ మారుతుంది. తగ్గించాల్సిన దాంట్లో సగం మేర అంచును పైకి మడిచి, పాత అంచు మడతకు ఆనుకుని, దాని మీదికి ఎక్కకుండా చుట్టూ కుట్టాలి. మిగులు బట్ట కోసి, ఓవర్‌లాక్ చేసి, మడతను లోపలికి తోసి ఇస్త్రీ చేస్తే కంపెనీ అంచే కిందికొచ్చి కూర్చుంటుంది. కోసిన ముక్కను అడిగి తీసుకోవాలి. రేపు మియానీకో మాసికకో అదే రంగు, అదే నేత బట్ట ఇంకెక్కడా దొరకదు. మంచి దర్జీ అడగకుండానే ఇస్తాడు. అడిగినా ఇవ్వనివాడి దగ్గరకు రెండోసారి పోనక్కర్లేదు.