నీళ్లు లేని నెలల్లో పుట్టి

తారు మెత్తబడడానికి కర్నూలు ఎండ చాలు. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలకు చేరే ఆ ఎండలో పుట్టిని, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవను, ఏటి ఒడ్డున ఎట్లా పడితే అట్లా వదిలేస్తే, మళ్లీ నీళ్లొచ్చేసరికి అది పనికి రాకుండా పోతుంది. అడుగున పూసిన తారు జారిపోతుంది. పట్టా పెళుసెక్కుతుంది. వెదురు బద్దలు ఆరి చీలుతాయి. చలిదేశాల్లో సరస్సులు గడ్డకట్టకముందే పడవలను ఒడ్డుకు లాగి కొట్టాల్లో పెడతారు. గడ్డకట్టిన నీరు పడవను నొక్కి పగలగొడుతుందని వాళ్ల భయం. మన సీమలో పడవకు విశ్రాంతి కాలం వేసవి. నీళ్లు తగ్గినాక పుట్టిని ఒడ్డుకు తెచ్చి, ఎగువన వానలు పడి కొత్తనీరు దిగేదాకా దాన్ని కాపాడుకోవడం ఒక విద్య. పుట్టి అల్లడం గురించీ, తెడ్డు వేయడం గురించీ అప్పుడప్పుడైనా ఎవరో ఒకరు రాస్తారు. ఈ దాచుకునే విద్య గురించి రాసేవాళ్లు తక్కువ. పుట్టి ఆయుష్షు సగం దీనిమీదే ఉందని నా నమ్మకం.

కరువు సీమకు పడవలెక్కడివని కొందరికి అనిపించవచ్చు. కర్నూలు పట్నం తుంగభద్ర ఒడ్డునే ఉంది. హంద్రీ వచ్చి కలిసేదీ అక్కడే. సంగమేశ్వరం దగ్గర తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది, అక్కడి నుంచి శ్రీశైలం జలాశయం నల్లమల కొండల మధ్య విస్తరించి ఉంటుంది. కడప వైపు పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కానీ మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్ జలాశయాలున్నాయి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర మీది నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయినప్పుడు అక్కడి జనానికి అవతలి ఒడ్డు చేరడానికి పుట్టే దిక్కయింది.

రెండు జిల్లాల పేర్లూ మోసే కె.సి. (కర్నూలు-కడప) కాలువ సంగతి కూడా చెప్పాలి. దాన్ని మొదట తవ్వింది సాగునీటికి మాత్రమే కాదు, పడవల రాకపోకలకు కూడా. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు కాలువ తవ్వింది, లాకులు కట్టింది. నష్టాల్లో కూరుకుపోయిన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనేసింది. సాగునీరు ఇప్పటికీ పారుతోంది, పడవల వ్యాపారం మాత్రం నిలవలేదు. పుట్టి నిలిచింది. దానికి లాకులు అక్కర్లేదు, రేవు అక్కర్లేదు, మోకాలి లోతు నీళ్లున్నా చాలు. పని అయిపోతే మనిషి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోవచ్చు.

దీని వయసు చిన్నది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్, ఆనెగొంది దగ్గర జనం బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో తుంగభద్ర దాటడం గురించి రాశాడు. లోపల వెదురు జాతి బద్దలు, బయట తోలు, పదిహేను ఇరవై మంది పట్టేంత వెడల్పు. నేరుగా పోక గిరగిరా తిరుగుతూ పోతాయని కూడా గమనించాడు. 1800లో తిరుగుబాటుదారు ధోండియా వాఘ్‌ను తరుముతూ వచ్చిన బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ, నిండుగా ఉన్న తుంగభద్రను తన సేనతో దాటడానికి ఇవే వాడాడు. తర్వాత 1803లో మరాఠాల మీదికి పోయేటప్పుడు ముందుగానే ఇలాంటి పడవలు సిద్ధం చేయించుకున్నాడు. కన్నడం వాళ్లకు ఇది హరిగోలు, కావేరి మీద తమిళులకు పరిసల్.

ఎలా దాచాలో తెలియాలంటే ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. వెదురును నిలువునా చీల్చి బద్దలు తీస్తారు. నేలమీద బద్దలను ఒకదానిమీద ఒకటి అడ్డంగా, ఏటవాలుగా పరిచి నక్షత్రం ఆకారంలో అడుగు అల్లుతారు. అక్కడి నుంచి బద్దలను పైకి వంచి గోడలు అల్లుకుంటూ పోతారు. చివర అంచు. దాన్ని కట్టగా చేర్చిన బద్దలతో లావుగా చుట్టి బిగిస్తారు, ఎందుకంటే తెడ్డు వేసేవాడి బలమంతా, వల లాగేటప్పుడు పడే బరువంతా ఆ అంచు మీదే. బయట ఒకప్పుడు తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, ఎరువుల సంచులు కలిపి కుట్టిన పట్టా, దానిమీద తారు.

ఇక్కడ ఒక మార్పు జరిగింది, దాన్ని గమనించకపోతే ఈ విద్య అర్థం కాదు. రెండు వేల అయిదు వందల ఏళ్ల కిందట గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ యూఫ్రటీస్ నది మీది తోలు పడవల గురించి రాశాడు. ఆర్మీనియా వర్తకులు సరుకుతో బాబిలోన్ దాకా దిగి వచ్చేవారట. సరుకు అమ్మేశాక పడవ చట్రాన్నీ, అందులో పరిచిన గడ్డినీ కూడా అక్కడే అమ్మేసి, తోళ్లు మాత్రం పడవలో వెంట తెచ్చుకున్న గాడిద మీద వేసుకుని నడిచి వెనక్కి పోయేవారట. వాళ్లకు విలువైనది తోలు. తోలు పుట్టిల కాలంలో మనకూ అంతే. తంగేడు చెక్కతో పదును చేసిన తోలును తడిగా వదిలేస్తే కుళ్లుతుంది, ఎండకు పెడితే బిరుసెక్కి పగులుతుంది. నీడలో ఆరబెట్టి నూనె పట్టించాలి, కుక్కలకూ ఎలుకలకూ అందకుండా చూడాలి. ఇప్పుడు పట్టా బజారులో దొరుకుతుంది, చిరిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు. అల్లిక అట్లా దొరకదు. మంచి వెదురు కావాలి, అల్లే చెయ్యి కావాలి, రెండూ అరుదైపోతున్నాయి. అందుకని ఈ రోజున పుట్టిని దాచడమంటే ప్రధానంగా వెదురు అల్లికను దాచడం.

ఎప్పుడు ఒడ్డెక్కించాలన్నది మొదటి ప్రశ్న. తుంగభద్ర ఒడ్డున నీళ్లు మడుగులు మడుగులుగా విడిపోయేసరికి ఆ సంగతి తేలిపోతుంది. జలాశయంలో అంత సులువు కాదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. శీతాకాలం పోయి ఎండలు ముదిరే కొద్దీ మట్టం పడిపోతూ ఉంటే ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి జరుగుతుంది. నీటి అడుగునున్న సంగమేశ్వరాలయం బయటపడుతుంది. ఈ జరిగే ఒడ్డు వెంట పుట్టిని కూడా జరుపుకుంటూ పోవాలి. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే నీళ్లకూ పుట్టికీ మధ్య బురద మిగులుతుంది. ఆ బురదలో ఈడ్చితే అడుగున పట్టా చిరుగుతుంది, లోపల బద్దలు కదులుతాయి. ఎప్పుడైనా సరే ఎత్తి మోయాలి, ఈడ్చకూడదు. వేట గిట్టుబాటు కాని రోజులు వచ్చాయని తెలియగానే, ఇంకో వారం చూద్దామనుకోకుండా ఎత్తుకు రావడమే మంచిది.

తెచ్చినాక కడగడం. చేపల జిగురు, పొలుసులు, బద్దల సందుల్లో ఇరుక్కున్న బురద అన్నీ గడ్డితోనో పీచుతోనో రుద్ది పోగొట్టాలి. నీచు వాసన మిగిలితే ఎలుకలు వస్తాయి, అవి పట్టానూ కొరుకుతాయి, బద్దలనూ కొరుకుతాయి. కడిగినాక ఎండలో పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. పెట్టకూడదు. నీళ్లు తాగి ఉన్న వెదురు ఒక్కసారిగా ఆరితే చీలుతుంది. నీడలో, గాలి ఆడేచోట, నిదానంగా ఆరాలి. పూర్తిగా ఆరాకే వేపనూనె గానీ కానుగ నూనె గానీ గుడ్డతో అంచుకూ లోపలి అల్లికకూ పట్టించాలి. వెదురులోని పిండి పదార్థం కోసం పుప్పి పురుగు చేరుతుంది. ఆ చేదు నూనెలు దాన్ని దగ్గరికి రానీయవు. పుప్పి పడితే కింద నేలమీద సన్నటి పిండి రాలి కనిపిస్తుంది. అది కనిపించిన రోజే చూసుకోవాలి, వానల దాకా ఆగితే లోపల గుల్లే మిగులుతుంది.

తర్వాత బోర్లించడం. చూసేవాళ్లకు ఇందులో చెప్పడానికేముంది అనిపిస్తుంది, నిజానికి తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. వెల్లకిలా పెడితే వేసవి వానకు నీళ్లు నిలుస్తాయి, ఆకులు రాలి కుళ్లుతాయి. గోడకు చేరవేసి అంచు మీద నిలబెడితే రెండు మూడు రోజులకు ఫరవాలేదు, నెలల తరబడి అయితే బరువంతా ఒకేచోట పడి గుండ్రం చెడుతుంది. గుండ్రం చెడ్డ పుట్టి నీళ్లలో ఒక పక్కకే లాగుతుంది. నేలకు ఆనించి బోర్లిస్తే చెదలు. కాబట్టి బోర్లించాలి, అంచు కింద సమానమైన ఎత్తున్న రాళ్లు పెట్టాలి, మూడు చాలవనుకుంటే నాలుగైదు. కింద గాలి ఆడాలి, చెద మట్టి రాళ్ల మీదికి పాకితే కంటికి కనబడాలి. రాళ్ల చుట్టూ బూడిద చల్లడం మంచిది. చెద గీత కనిపిస్తే చీపురుతో తుడిచేయడానికి నిమిషం పట్టదు. కానీ వారానికోసారైనా వంగి చూసే మనిషి ఉండాలి.

నీడ అన్నిటికంటే ముఖ్యం. చింతచెట్టు కిందో వేపచెట్టు కిందో పెట్టినా మధ్యాహ్నం ఎండ ఒక పక్క నుంచి తగులుతూనే ఉంటుంది. పైన జొన్నచొప్ప గానీ బోదగడ్డి గానీ మందంగా కప్పాలి. పశువులు తిరిగే చోట చొప్ప కప్పితే ఒక పూట కూడా మిగలదు, అక్కడ బోదే గతి. కొందరు ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుట్టేస్తారు. దాని లోపల వేడి చేరి తారు ఇంకా తొందరగా కారుతుంది. పైన బండరాళ్లు పెట్టడమూ తప్పే, ఆ బరువుకు అడుగు లోపలికి కుంగుతుంది. మే నెల గాలివానకు పుట్టి దొర్లిపోకుండా ఉండాలంటే అంచు అల్లికలోంచి తాడు పోనిచ్చి గుంజకు కట్టాలి. వలలు కూడా ఆ చెట్టు కిందే పడెయ్యకూడదు. నైలాను దారాన్ని ఎండే తినేస్తుంది. వాటిని ఇంట్లో వాసానికి వేలాడదీయాలి.

ఫైబర్ పుట్టి వచ్చాక ఇవన్నీ అక్కర్లేదని అనుకునేవాళ్లున్నారు. ఫైబర్‌కు చెదలు పట్టవు, పుప్పి పట్టదు, ఆ మేరకు నిజమే. ఎండ మాత్రం దాన్నీ వదలదు. పై పూత సుద్దలా రాలి, లోపలి గాజు పీచు తేలి, చేతులకు గుచ్చుకుంటుంది. వెదురు బద్ద విరిగితే ఊళ్లోనే ఇంకోటి దూర్చుకోవచ్చు. ఫైబర్ పగిలితే రసాయనాలు కొనాలి, తెలిసిన మనిషిని పిలవాలి. వేల్స్‌లో టైవి నది మీద చేపలు పట్టే గుండ్రటి చిన్న పడవలు ఇప్పటికీ ఉన్నాయి. సన్నటి కర్రల చట్రం మీద నూలు బట్ట కప్పి దానికి తారే పూస్తారు. అంత సంపన్న దేశంలో కూడా కొందరు ఆ పాత పద్ధతిని వదల్లేదు.

జూన్‌లో ఎగువన తుంగభద్ర డ్యాము కబుర్లు మొదలయ్యే వేళకు పుట్టిని మళ్లీ తిప్పుతారు. మొదట అంచు. బొటనవేలితో చుట్టూ నొక్కుకుంటూ పోతే బలహీనమైన చోటు తెలుస్తుంది, అక్కడ విప్పి కొత్త బద్దలతో బిగించాలి. ఎండిన అల్లికను వెంటనే వంచకూడదు, తడి గోతాలు కప్పి రాత్రంతా ఉంచితే బద్దలు సాగుతాయి. పట్టాను ఎత్తి వెలుతురుకు అడ్డం పెట్టి లోపలి నుంచి చూస్తే సూది బెజ్జాలు కూడా కనిపిస్తాయి. తారును ఒకేసారి మందంగా పూసే కంటే పలచగా రెండుసార్లు పూయడం మేలు. మందపాటి పూత త్వరగా పగులుతుంది. తారు ఆరినాక ఒడ్డు దగ్గరే లోతు లేని నీళ్లలో దించి, రాళ్లు వేసి, కాసేపు చూడాలి. మనుషులు ఎక్కేది ఆ తర్వాతే. వరద నీటి మధ్యలో అంచు విడిపోతే తెడ్డు వేసేవాడు ఎంత నేర్పరైనా చేయగలిగిందేమీ లేదు. కొత్తనీటికి చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపాలన్న నియమం ఉంది. ఈ మరమ్మతుకు అంతకంటే మంచి సమయం ఉండదు.

ఈ పనిలో ఖర్చు చాలా తక్కువ. నూనె, తారు, తాడు, నాలుగు మోపుల గడ్డి. లేనిది స్థలం. జలాశయం ఒడ్డున వేట కోసం గుడిసెలు వేసుకుని బతికేవాళ్లకు సొంత కొట్టం ఎక్కడిది? పెద్ద చెట్లు నీళ్లలో మునిగిపోయిన ఆ మిట్టల మీద నీడ ఎక్కడిది? 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వంటి పథకాల కింద మత్స్యకారులకు కొత్త పడవలకూ వలలకూ సాయం అందుతోంది. మంచిదే. దానితోపాటు ప్రతి రేవు దగ్గరా మత్స్యకారుల సహకార సంఘం పేరిట ఒక బోదకొట్టం, నలువైపులా గాలి ఆడేట్టు, పదిహేను ఇరవై పుట్టిలు బోర్లించుకునేంత వైశాల్యంలో కట్టించి ఇస్తే, ఇచ్చిన పడవ మరికొన్నేళ్లు బతుకుతుంది. వెదురు అల్లే మేదరుల చేత ఏటా జూన్‌లో అక్కడే మరమ్మతులు చేయిస్తే వాళ్లకు పని దొరుకుతుంది, పిల్లలు చూసి నేర్చుకుంటారు. మత్స్యశాఖ అధికారులు ఈ కోరికను పట్టించుకోవాలి.

ఎండాకాలంలో సంగమేశ్వరం చూడటానికి చాలామంది వెళ్తారు. దారిలో బోర్లించిన పుట్టి కనిపిస్తే ఎవరో పారేసిన సామాను అనుకోకండి. దాని మీద కూర్చోకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి, వంటకు పొయ్యి కావాలని దాని కింది రాళ్లు తీయకండి. వానలు పడ్డాక ఆ పుట్టి మీదే ఒక కుటుంబం బతకాలి.