అప్పులో వాటా ఎవరిది?

విడాకుల తర్వాత కుటుంబంలో డబ్బు ఎటు పోతుంది, ఎవరు నిలదొక్కుకుంటారు, ఎవరు చితికిపోతారు అనే ప్రశ్నను డాక్టరేటు పరిశోధనలు పట్టించుకుంటున్నాయి. మంచిదే. పెళ్లిని పవిత్రబంధమని కీర్తించే సమాజంలో దాన్ని పైసల్లో లెక్కగట్టడం కూడా ఒక ధిక్కారమే. కానీ ఆ లెక్కను ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నారన్నదే మా పేచీ.

ఈ రంగంలో ఎక్కువ చర్చ జరిగిన పుస్తకం లెనోర్ వైట్జ్‌మన్ 1985లో ప్రచురించిన 'ది డైవోర్స్ రెవల్యూషన్'. విడాకుల తర్వాత ఆడవాళ్ల జీవన ప్రమాణం 73 శాతం పడిపోతుందనీ, మగవాళ్లది 42 శాతం పెరుగుతుందనీ ఆమె చెప్పింది. 1996లో రిచర్డ్ పీటర్సన్ అదే సమాచారాన్ని మళ్లీ లెక్కించి, తగ్గుదల 27 శాతమే, పెరుగుదల 10 శాతమే అని తేల్చాడు. అంకెలు మారినయి గానీ దిశ మారలేదు. ఇద్దరి లెక్కలోని మనుషులూ లాస్ ఏంజెలెస్ కోర్టు దస్త్రాల్లో దొరికినవాళ్లే. కోర్టు గడప తొక్కనివాళ్లు ఆ లెక్కలో లేరు.

ఫ్రాన్సులో సెలీన్ బెస్సియేర్, సిబిల్ గొల్లాక్ 2020లో తెచ్చిన పుస్తకం ఇంకో అడుగు ముందుకేసింది. ఇంగ్లీషులో అది 2023లో 'ది జెండర్ ఆఫ్ క్యాపిటల్' పేరుతో వచ్చింది. ఎవరికి ఏది పోవాలో ముందే అనుకొని, దానికి సరిపోయేటట్టు తర్వాత కూడికలు, తీసివేతలు చేస్తారని వాళ్లు చూపించారు. ఈ తలకిందుల లెక్క మనకు కొత్తది కాదు. వాడలో పెద్దమనుషుల పంచాయితీ చూసినవాళ్లకు ఎరుకే. అయితే అక్కడ పంచేది ఇల్లు, వ్యాపారం, పొదుపు. మరి ఇక్కడ పంచేది ఏంది?

నాదర్‌గుల్‌నే తీసుకుందాం. ఒకప్పుడు సరూర్‌నగర్ మండలంలో ఉండి, 2016లో బాలాపూర్ మండలంలోకి పోయిన ఊరు. విమానం నడపడం నేర్పే మైదానం ఉన్న ఊరు. ఔటర్ రింగు రోడ్డు, ఆదిభట్ల కంపెనీలు వచ్చినంక భూమిని గజాల్లో మాట్లాడుకునే ఊరు. ఇసుంటి ఊరి నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇండ్లల్ల అంట్లు తోమనీకి పోయే దళిత స్త్రీ మొగుణ్ణి విడిచిందనుకోండి. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఉన్నది ఎల్బీనగర్‌లోనే. ఆమె బస్సు దిగేది ఆ దగ్గరనే. అయినా ఆమె పోయేది కులపెద్దల దగ్గరికి. అక్కడ ఇడుపు కాయితం రాస్తారు. ఇష్టపూర్తిగా విడిపోతున్నం, ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు అని వేలిముద్రలు పెట్టిస్తారు. అయిపోయింది. పరిశోధకుడికి ఫైలు లేదు గనుక ఆమెకు విడాకులూ లేవు.

ఆ కాయితం చట్టం ముందుకు పోతే ఏమైతదో చూడండి. 1955 హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడింది. ఆచారం ఉన్నదని రుజువు చేసే బరువును మాత్రం కోర్టులు చెప్పుకునేవాళ్ల నెత్తినే పెట్టినయి. మనోవర్తి ఇచ్చే పాత 125వ సెక్షన్, 2024 జూలై నుంచి 144వ సెక్షన్, విడాకులు పొంది మళ్లీ పెళ్లాడని స్త్రీని భార్యగానే లెక్కిస్తుంది. పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్న భార్యకు మాత్రం మనోవర్తి లేదంటుంది. అంగీకారంతో విడాకులే పొందిన స్త్రీకి ఈ అడ్డు లేదని 1995లో వనమాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కాయితం విడాకులుగా చెల్లితే ఆమెకు అడిగే దారున్నది. చెల్లకపోతే అదే కాయితం 'ఇష్టపడే వేరుగా ఉంటున్నది' అని ఆమె మీదనే సాక్ష్యం చెప్తది.

ఇగ పైసల సంగతి. ఇంటి జాగ మామ పేరు మీదనో మొగుని పేరు మీదనో ఉంటది. ధర పెరిగేనాటికి ఆమె తల్లిగారింట్ల ఉంటది. ఆమె పేరు మీద ఉండేది పొదుపు సంఘం లోను. ఆ పైసలు ఇంటిల్లిపాదికీ ఖర్చయినయి, ఆడిబిడ్డ పెండ్లికీ పోయినయి. కిస్తీ మాత్రం ఆమెదే. తప్పితే జామీనున్న తోటి ఆడవాళ్లే గడప ముందుకొచ్చి నిలబడతారు. 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు మనోవర్తి దావాల్లో ఆస్తులతోపాటు అప్పులు కూడా ప్రమాణపత్రంలో చూపాలన్నది. ఇడుపు కాయితంలో ఆ గడి లేదు.

సర్కారు లెక్క వేరే ఉంది. 2014లో దళిత, గిరిజన ఆడపిల్లల పెళ్లికి 51,000తో మొదలైన కల్యాణలక్ష్మి 2018లో 1,00,116 రూపాయలైంది. ఒంటరి మహిళకు 2017లో నెలకు 1,000 పింఛను మొదలుపెట్టి, 2019లో 2,016 చేశారు. పెళ్లికి ఇచ్చిన ఒక్క చెక్కుకు ఒంటరితనం పింఛను సాటి రావాలంటే నాలుగేండ్లు దాటాలె.

కీర్తి సింగ్ 2013లో విడిపోయిన, విడాకులైన స్త్రీల ఆర్థిక హక్కుల మీద తెచ్చిన పుస్తకం పెళ్లిలో కూడిన ఆస్తిలో భార్యకు వాటా అడిగింది. ఆ డిమాండు న్యాయమైనదే. కానీ ఆస్తి లేని కాడ సగం దేంట్ల సగం? అప్పులోనా? అప్పును కూడా ఉమ్మడిదని తేల్చకుండా ఆస్తిలో సగమంటే వాడ ఆడదానికి దక్కేది సున్నాలో సగం.

ఈ వేలు మన వైపు కూడా చూపాలి. మాలో విడిచిపెట్టే స్వేచ్ఛ ఉంది, మారుమనువు ఉంది, అగ్రకులాల లాగా ఆడదాన్ని కట్టిపడేయం అని మనం గర్వంగా రాసుకున్నాం. అది నిజమే, సగం నిజం. విడిచిపోయే స్వేచ్ఛ ఖరీదును ఆమె కిస్తీల్లో కడుతున్న సంగతి రాయలేదు. 1995లో గోపాల్ గురు దళిత స్త్రీలు వేరుగా మాట్లాడుతున్నారని వ్యాసం రాస్తే, అది అగ్రకుల స్త్రీవాదులకు జవాబని చప్పట్లు కొట్టినం. దళిత మగవాళ్ల పెత్తనం గురించి కూడా అందులో ఉన్న మాట చెవికెక్కలేదు. ఆడవాళ్లకు విడాకులు, ఆస్తిలో వాటా ఇచ్చే హిందూ కోడ్ బిల్లును ఆపేసినందుకు అంబేద్కర్ 1951లో మంత్రి పదవి వదిలేశాడని ప్రతి సభలో చెప్తాం. మన పంచాయితీలో కూసున్నప్పుడు మాత్రం ఆ సంగతి యాదికి రాదు.

కాబట్టి పరిశోధకులకు మేం చెప్పేది ఒక్కటే. కోర్టు ఫైలుతో పాటు ఇడుపు కాయితం చదవండి, బ్యాంకు పాసుబుక్కుతో పాటు సంఘం కిస్తీ పుస్తకం తిరగేయండి. పెద్దమనుషులకు చెప్పేది ఇంకొకటి. కాయితం మీద వేలిముద్ర పెట్టించే ముందు, ఇంట్ల ఎంత అప్పున్నది, అది ఎవరెవరు తిన్నరు, ఎవరెవరు కట్టాలె అని ఒక వరుస రాయించండి. ఆ ఒక్క వరుస రాయనంత కాలం మన స్వేచ్ఛకు కిస్తీ కట్టేది ఆమెనే.